గాలి మేడమ్ కట్టిన తప్పు

నన్ను ఎగరనివ్వని మనిషి పోయిందని మొన్న పొద్దున్న ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. అప్పుడు నేను కొండ మీద ఒక హైదరాబాదు పెద్దమనిషికి బెల్టులు బిగిస్తున్నాను. బెల్టు బిగించినప్పుడల్లా ఆయన "సేఫే కదమ్మా? సేఫే కదా?" అంటున్నాడు. "ఒక్క నిమిషం సార్" అని పక్కకు వెళ్లి మెసేజ్ మళ్లీ చదివాను. ఏడుపు రాలేదు. ముందు కోపం వచ్చింది. నేను అనాల్సిన మాటలు ఇంకా బోలెడు ఉండగానే వెళ్లిపోయింది మహాతల్లి!

ఆవిడ పేరు మెడలో వేలాడే కార్డు మీద ఉండేది. ఎవరూ చదివిన పాపాన పోలేదు. అరకు కొండల మీద అందరికీ ఆవిడ గాలి మేడమే. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. "రోజంతా గాలి కబుర్లు చెప్పడమే కదా నా ఉద్యోగం, సరైన పేరే పెట్టేరు" అని నవ్వేది.

ఆ రోజుల్లో జనవరి వస్తే మా కొండల్లో చలికాలపు క్రీడల పోటీలు జరిగేవి. పరుగులు, సైకిళ్లు ఎన్ని ఉన్నా జనం ఎగబడి చూసేది పారాగ్లైడింగే. గుడ్డ రెక్క వీపుకి తగిలించుకుని కొండ అంచు దాకా పరిగెత్తాలి. గాలి ఎత్తుకుంటే లోయ మీద ఎగరాలి. దేశం నలుమూలల నుంచీ పైలట్లు వచ్చేవాళ్లు. వాళ్లకి వాతావరణం చెప్పడానికి విశాఖపట్నం నుంచి ఒక జట్టు దిగేది. ఒక టెంటు, గాలికి గిరగిరా తిరిగే గిన్నెల స్తంభం, కంప్యూటర్లు, వాటన్నిటి మీదా పెత్తనానికి మేడమ్. ఆవిడ పచ్చజెండా ఎత్తితే ఎగరాలి. ఎర్రజెండా ఎత్తితే ఎంత పెద్దవాడైనా నోరు మూసుకుని కూర్చోవాలి.

యాభై దాటిన మనిషి. శ్రీకాకుళం వైపు రైతుల ఇంట పుట్టింది. చీర మీద మగవాళ్ల స్వెట్టరు, నెత్తిన మంకీ క్యాప్, కాళ్లకి గుడ్డ బూట్లు. చదువు ఎంత చదివినా యాస మాత్రం వదల్లేదు. "ఇంత కాఫీ పండే ఊళ్లో ఒక్కడికీ కాఫీ కలపడం రాదేటే?" అని తిడుతూనే ఇంకో గ్లాసు పట్రమ్మనేది.

ఏం చెప్పినా చివర "అని నేననుకుంటున్నాను" అని తగిలించడం ఆవిడకి అలవాటు. "పదింటికి మంచు విడుతుంది, అని నేననుకుంటున్నాను." అది సరే. "ఈ అన్నం ఉడికింది, అని నేననుకుంటున్నాను" అంటే ఏమనాలి? మేము వెనకాల చేరి ఆ మాటే అనుకరిస్తూ పడీ పడీ నవ్వేవాళ్లం.

ఇంకో విడ్డూరం ఉంది. కొండ అంచంటే ఆవిడకి వణుకు. ఎగిరేవాళ్ల ప్రాణాలన్నీ ఆవిడ మాట మీద ఉండేవి గానీ, ఆవిడ మాత్రం ఏనాడూ లోయలోకి తొంగిచూడలేదు. లోయకి వీపు పెట్టి కుర్చీ వేసుకునేది. "ఏటే గుంటా, కింద మంచు ఎంతవరకూ దిగింది? బేగి చూసి చెప్పు" అని నన్ను తోలేది. నేను ఒకప్పుడు పైలట్ల రెక్కల మూటలు కొండ మీదికి మోసే కూలిపిల్లని. మోసీ మోసీ, చూసీ చూసీ, చివరికి నేనూ ఎగరడం నేర్చుకున్నాను. అందుకని మంచు సంగతి నాకు తెలుసని ఆవిడ నమ్మకం.

అరకు సంతలో పిల్లలకి అమ్మే సబ్బు బుడగల సీసా ఒకటి స్వెట్టరు జేబులో ఎప్పుడూ ఉండేది. కంప్యూటర్లు చూసి, గిన్నెల స్తంభం చూసి, అప్పుడు ఆ సీసా తీసి అంచువైపు బుడగలు ఊదేది. అవి ఎటు పోతున్నాయో నన్ను చూడమని, తను కళ్లు మూసుకుని వినేది. పెద్ద పెద్ద పైలట్లు, ఖరీదైన కళ్లజోళ్లు పెట్టుకుని, ఆ బుడగల వంక నోరు వెళ్లబెట్టి చూస్తూ నిలబడేవాళ్లు.

ఒకరోజు పొద్దున్న అభ్యాసానికి ముందు నన్ను పిలిచి, "ఇవాళ గాలి ఎలా ఉందే?" అంది.

"బాగుంది మేడమ్."

"ఎగరాలని ఎంత ఉంది నీకు?"

"చాలా ఉంది."

"ఆ చాలాని తీసి పక్కన పెట్టి, ఇప్పుడు మళ్లీ చూడు."

చూశాను. దూరంగా అవతలి కొండ మీద చెట్ల తలలు ఊగుతున్నాయి. అంతకుముందు కూడా ఊగుతూనే ఉండి ఉంటాయి. నాకు కనపడలేదు, అంతే. ఆ పూట నేను ఎగరలేదు. ఆవిడ మీద ప్రేమ పుట్టింది ఆ రోజే. ఆ ప్రేమ ఎన్నాళ్లో నిలవలేదనుకోండి.

ఆ ఏడు పోటీల్లో మొదటి ముగ్గురికీ కొత్తగా పెట్టే శిక్షణ కేంద్రంలో ఉద్యోగం ఇస్తామన్నారు. నెల జీతం, క్వార్టరు, యూనిఫాం. మా ఊరి నుంచి అలాంటి ఉద్యోగంలోకి ఎవరూ వెళ్లలేదు. నాకు నాన్న లేడు. అమ్మ అడ్డాకులు కుట్టి, కాఫీ తోటల్లో పళ్లు ఏరి నన్ను పెంచింది. ఆఖరి రోజుకి నేను నాలుగో స్థానంలో ఉన్నాను. మూడో స్థానంలో ఉన్న పట్నం కుర్రాడికి, నాకు తేడా వెంట్రుకవాసి. ఆఖరి ఎగురుడు జరిగితే వాణ్ణి దాటేస్తానని నాకు తెలుసు, వాడికీ తెలుసు. జరక్కపోతే అప్పటిదాకా ఉన్న స్థానాలే ఖాయం.

ఆ రోజు తెల్లారేసరికి మంచు మొహానికి మొహం కనపడనంతగా ఉంది. అందరం అంచు దగ్గర రెక్కలు పరుచుకుని కూర్చున్నాం. మేడమ్ టెంట్లోంచి బయటికి, బయటి నుంచి టెంట్లోకి తిరుగుతోంది. కాఫీ అడగలేదు.

మంచు విడింది. ఎండ వచ్చింది. లోయ అంతా కడిగిన కంచంలా కనపడింది. అయినా జెండా లేవలేదు.

పోటీల మేనేజరు వచ్చి, "మేడమ్, ఇంకా దేనికి ఆగడం?" అన్నాడు.

"సముద్రంలో అల్పపీడనం కదిలింది. తూర్పు గాలి వస్తుంది. కొండ వెనకాల నుంచి దాటుకుని వచ్చిందంటే ఇటువైపు సుడి తిరుగుతుంది. ఆ సుడిలో పడితే రెక్క ముడుచుకుపోతుంది. వీళ్లు గాల్లో ఉండగా వస్తుంది, అని నేననుకుంటున్నాను."

"అనుకుంటున్నానంటే ఎలాగండీ? కచ్చితంగా చెప్పండి. కింద మంత్రిగారు కూర్చుని ఉన్నారు."

"కచ్చితంగా చెప్పేది జాతకం. నాది అంచనా."

మేనేజరు మొహం ఎర్రబడింది. ఫోన్ మీద ఫోన్ వస్తోంది ఆయనకి. మూడో స్థానం కుర్రాడు మాత్రం రెక్క మీద వెల్లకిలా పడుకుని పాటలు వింటున్నాడు. ఆ పాదాలు తాళం వేస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

నేను వెళ్లి మేడమ్ చేతిలోంచి సీసా లాక్కున్నంత పని చేశాను. బుడగలు ఊదాను. అవి మెల్లగా, బుద్ధిగా, మాకెదురుగా పైకి లేచాయి. ఎగరడానికి అంతకన్నా మంచి గాలి ఉండదు.

"చూడండి మేడమ్! కళ్లు తెరిచి చూడండి ఒక్కసారి!"

ఆవిడ తిరగలేదు. "బుడగకి ఇప్పటి గాలే తెలుసు గుంటా. నాకు కావలసింది ఇంకాసేపటికి వచ్చేది."

"రాకపోతే?"

"రాకపోతే మంచిదే కదా."

"ఎవరికి మంచిది?" అని అరిచాను. అందరూ మావైపు తిరిగారు. ఆవిడ టెంట్లోకి పోయింది. మళ్లీ వచ్చింది. స్తంభం మీద గిన్నెల్ని చూసింది. అవి సోమరిగా తిరుగుతున్నాయి. గాలి రావాలని నేను కోరుకోలేదు గానీ, ఆవిడ మాత్రం ఆ గిన్నెల వంక, జ్వరం వచ్చిన బిడ్డని చూసినట్టు చూసింది. ఎండ నడినెత్తికి వచ్చే వేళకి ఎర్రజెండా ఎత్తింది. ఆ పూటకే కాదు, ఆ రోజంతటికీ.

తూర్పు గాలి రాలేదు. ఆ మధ్యాహ్నమంతా ఆకు కదల్లేదు. గద్దలు లోయ మీద తీరుబడిగా చక్కర్లు కొట్టాయి. అంత చక్కటి ఆకాశం నేను మళ్లీ చూడలేదు. రెక్క మడత పెడుతూ ప్రతి మడతకీ ఆవిణ్ణి తిట్టాను. పొద్దువాలాక పట్నం కుర్రాడి మెళ్లో కంచు పతకం వేశారు.

ఊరు భగ్గుమంది. దానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ పొద్దున్న అమ్మ పోటీల దగ్గరికి రాలేదు. కోడిపుంజుని చంకన పెట్టుకుని మా ఊరి దేవత నిసాని తల్లి రాళ్ల దగ్గరికి వెళ్లి మొక్కుకుంది. అదయ్యాకే మంచు విడి ఎండ కాసింది. మా నిసాని తల్లి ఆకాశం తెరిస్తే, ఆ పట్నం మనిషి మూసేసిందని ఊరందరి మాట. మా ఊరి నాయుడు, అంటే ఊరిపెద్ద, మాకు పెద్దనాన్న అవుతాడు. "తప్పు కట్టాల. బయటోళ్లయితే మాత్రం ఏటి?" అని మేడమ్‌కి కబురు పంపాడు.

మా కొండల్లో ఒకళ్ల వల్ల ఇంకొకళ్లకి అన్యాయం జరిగితే ఊరు కూర్చుంటుంది. తప్పు రుజువైతే ఆ మనిషి మేకని, బియ్యాన్ని ఇచ్చుకోవాలి. దాన్నే తప్పు కట్టడం అంటారు. అందరూ కలిసి వండుకుని తినాలి. అంతటితో ఆ తగువు తీరిపోవాలి, మళ్లీ ఎత్తకూడదు. పోలీసులూ, కోర్టులూ మాకు తర్వాత సంగతి.

వెళ్లొద్దని మేనేజరు చెప్పాడట. మర్నాడు పొద్దున్నే మేడమ్ ఒక్కతే నడుచుకుంటూ వచ్చింది. నిసాని రాళ్ల ముందు మా ఊరి మనుషులందరి మధ్యా చాప మీద కాకుండా నేల మీదే కూర్చుంది. మంకీ క్యాప్ తీసి ఒళ్లో పెట్టుకుంది. జుట్టు నేననుకున్న దానికన్నా తెల్లగా ఉంది.

"ఏటమ్మా, మా గుంటకి అన్నాయం సేసినావా లేదా?" అన్నాడు పెద్దనాన్న.

"రెండు సంగతులున్నాయి నాయుడుగారూ. తూర్పు గాలి వస్తుందన్నాను, రాలేదు. అది నా తప్పు. దానికి మేక కడతాను. ఎగరకుండా ఆపేనన్నది రెండోది. దానికి కట్టను. మళ్లీ అలాంటి ఆకాశమే వస్తే మళ్లీ ఆపుతాను."

"రెండూ ఒకటే కదేటి?"

"కాదు."

"నీ మాట ఇననోళ్లు ఎవులైనా సచ్చిపోనారేటి ఇంతకుముందు?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"లేదు. నేను చూసిన పోటీల్లో ఇంతవరకూ ఒక్కరూ పోలేదు. అందుకే నా మాటంటే ఎవరికీ లెక్కలేదు" అంది మేడమ్. కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

లేచి నిలబడ్డాను. "పట్నం అబ్బాయికి ఉద్యోగం రావాలని ఆపేరు. అది చెప్పండి ముందు" అన్నాను. అన్నాను మరి. ఆ రోజు నా స్థానంలో ఎవరున్నా ఆ మాటే అంటారు. ఆవిడ నా వంక చూసిన చూపులో కోపం లేదు. చెంపదెబ్బ తిన్న మనిషిలా చూసింది. తర్వాత మొహం గట్టిపడింది. "కట్టను" అంది ఇంకోసారి.

పెద్దనాన్నకి పంతం వచ్చింది. "కట్టకపోతే మా ఊరోళ్లు ఒక్కలూ మీ మూటలు మొయ్యరు. మీ పోటీలు ఈ కొండ మీద ఎలాగ జరుగుతాయో సూత్తాం."

"మొయ్యకండి. కట్టను."

జనం లేచారు. మగవాళ్ల గొంతులు పెరిగాయి. ఎవరో ఆవిడ ముందు కర్ర నేలకేసి కొట్టారు. ఆవిడ కదల్లేదు గానీ, ఒళ్లోని టోపీని రెండు చేతులా పిండేస్తోంది. గొడవ చేయి దాటిపోతుందని నాకు భయం వేసింది. అప్పుడు ఆడవాళ్లలోంచి అమ్మ ముందుకు వచ్చింది. ఊళ్లో పదిమంది మధ్య నోరు విప్పే మనిషి కాదు మా అమ్మ.

"ఆయమ్మ జోలికెల్లకండి. ఆపమని మొక్కినది నాను."

ఎవరికీ అర్థం కాలేదు. "ఏటి మొక్కినావు?" అన్నాడు పెద్దనాన్న.

"నా గుంటని ఎగరనివ్వొద్దని మొక్కినాను తల్లికి. ఎలాగైనా ఆపీమని కోడిని కోసినాను. మీరందరూ ఆకాశం కోసరం అనుకున్నారు, నాను ఊరుకున్నాను."

"అమ్మా!" అన్నాను.

అమ్మ నా వైపు తిరగలేదు. నేలకే చెప్పింది. "గుడ్డపేలిక కట్టుకుని లోయలోకి దూకుతాది. దిగినదాకా నాను కింద నిలబడి సూడాల. ఎన్నిమార్లు సూసినాను! దానికి ఉజ్జోగం వొస్తే రోజూ దూకాల. నా వల్ల కాదు. నాకు సేతకాలేదు ఆ పొద్దు."

గుసగుసలు మొదలయ్యాయి. కన్నతల్లే కూతురి నోటికాడ కూడు తీసిందని ఒకావిడ పైకే అంది. పెద్దనాన్న తలపాగా సర్దుకున్నాడు. "అలాగయితే తప్పు నీది. కూతురికి తల్లే తప్పు కట్టాల" అన్నాడు. మా ఊళ్లో ఎన్నడూ వినని తీర్పు అది. అమ్మ తల వంచుకుంది. ఆ వంచుకున్న తల చూసి కూడా నాకు జాలి కలగలేదు. నా నోట్లోకి ఒక మాట వచ్చింది. అదేమిటో ఇక్కడ రాయను. అది బయటపడి ఉంటే ఆ ఇంట్లో నేను మళ్లీ అన్నం తినగలిగేదాన్ని కాదు.

"ఆగండాగండి!" అంటూ మేడమ్ లేచింది. నేల మీంచి లేవడానికి కాస్త కష్టపడింది. "నాయుడుగారూ, ఇదేం తీర్పండీ? మొక్కుకి గాలి ఆగుతుందా? అలాగైతే మా ఆఫీసు మూసేసి ఈవిణ్ణే కూర్చోబెడితే పోయేది కదా! మీ నిసాని తల్లి ఆకాశం తెరిచిందన్నది మీరే. దాన్ని మూసింది నేనేనన్నదీ మీరే. మధ్యలో ఈవిడెక్కడినుంచి వచ్చింది? జెండా ఎత్తింది నా చెయ్యి. రెండో తప్పు కూడా నాదే. రెండో మేక కూడా నేనే కడతాను."

"ఇందాక కట్టనన్నావు గదమ్మా?"

"అన్నాను. ఇప్పుడు కడతానంటున్నాను. నా మాట మారడం మీకు కొత్తా?"

ఈసారి అందరూ నవ్వారు. పెద్దనాన్న కూడా నవ్వాడు. ఆవిడ మాత్రం నవ్వకుండా నా దగ్గరికి వచ్చి, అమ్మకి అడ్డంగా నిలబడింది. "ఏటే గుంటా, అటేపు చూస్తావేటి? ఇటు చూడు. నీ ఉద్యోగం పోగొట్టింది నేను. తిట్టాలనుంటే నన్ను తిట్టు. ఫోన్ నంబరుంది కదా నీ దగ్గర."

తిట్టాను. అక్కడే, అందరి ముందూ, నాకు వచ్చిన మాటలన్నీ తిట్టాను. తలూపుతూ విన్నది. మధ్యలో ఒకసారి "ఊఁ, ఇంకా?" అని కూడా అంది. తిట్టీ తిట్టీ ఏడిచాను. అప్పటికి అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి రెండు మేకలూ ఉడికాయి. తప్పు కట్టిన మనిషికి అన్యాయం జరిగిన మనిషే మొదట వడ్డించాలని మా ఆచారం. అడ్డాకు విస్తరి వేసి మేడమ్‌కి వడ్డించాను. పక్క విస్తరి అమ్మది. అక్కడా నేనే వడ్డించాను. మేడమ్ ఉప్పు చాలలేదని సణిగి, అమ్మని అడిగి వేయించుకుంది. వాళ్లిద్దరూ ఏవో మాట్లాడుకున్నారు. నేను వినలేదు.

ఆ ఉద్యోగం మళ్లీ రాలేదు. తర్వాతి సంవత్సరం పోటీలకి డబ్బు రాలేదని ఆపేశారు. నేను టూరిస్టుల్ని ఎగరేసుకుంటూ ఇక్కడే ఉన్నాను. ఆవిడ మీద చాలాకాలం కోపంగా ఉన్నాను. ఫోన్ చేసి మరీ తిట్టేదాన్ని. ఎత్తేది, అంతా వినేది, "సరే, ఇంక అన్నం తిను" అని పెట్టేసేది. అమ్మ మీద మాత్రం ఒక్క పూట కూడా కోపంగా ఉండలేకపోయాను. ఉందామంటే మేడమ్ నాకు కోపమే మిగల్చలేదు.